పులుసు కుండలో నలభై మీటర్ల లోతు

దిబ్బలరేవులో తెలివైనవాళ్ళ ఇల్లెక్కడని ఎవర్నడిగినా సముద్రం ఒడ్డునున్న నీలం తలుపుల ఇంటివైపు చెయ్యి చూపిస్తారు. చూపించేటప్పుడు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుంటారు. అది గౌరవం కొద్దీ పెట్టుకున్నదని ఆ ఇంటివాళ్ళ నమ్మకం.

ఇంటి పెద్ద సన్యాసయ్య. ఆయన భార్య పోలమ్మ. పెద్దకొడుకు అసిరయ్య, చిన్నకొడుకు కూర్మయ్య. అసిరయ్య పెళ్ళాం నీలవేణి. కాపురానికొచ్చిన కొత్తలో ఆవిడ మామూలు మనిషే, పాపం. ఏడాది తిరిగేసరికి ఆవిడకీ ఆ తెలివి అంటుకుంది.

ఎంత తెలివంటే, పూర్వం వాళ్ళది తాటాకు కప్పు. ఓ వానాకాలం కొత్త కప్పు తడిసి పాడైపోతోందని అందరూ కలిసి దాన్ని విప్పి, మోసుకొచ్చి, ఇంట్లో దాచారు. ఇంట్లోనూ వాన పడింది. అంతే, రాత్రంతా కప్పు మీద గొడుగులు పట్టుకుని కూర్చున్నారు. ఇంకోసారి డాక్టరు సన్యాసయ్యకి మాత్రలిచ్చి అన్నం తిన్నాక వేసుకోమన్నాడు. మాత్రలు చేదు. ఆయన అన్నం మానేశాడు. మర్నాటికి కళ్ళు తిరిగి పడిపోయి, లేచి కూర్చుని, "సూసినారా, మందంటే ఇదీ! ఏసుకోకుండానే పన్జేసింది" అన్నాడు.

ఈ తెలివంతా ఒక ఎత్తు, పోలమ్మకి తొలి వల మీదున్న గర్వం ఒక ఎత్తు.

తొలి వల సంగతేమిటంటే, ఆ ఊళ్ళో వేట నిషేధం అయిపోగానే గంగమ్మ సంబరం చేస్తారు. సంబరంనాటి పొద్దున్న ఒక ఇంటివాళ్ళు సముద్రం మీదికి వెళ్ళి చేపలు తెచ్చి, పెద్ద మట్టికుండలో పులుసు కాచి ఊరందరికీ పెడతారు. ఎవరి పులుసు తిని ఊరు కడుపు నింపుకుంటుందో, ఆ ఏడాది అందరికంటే ముందు విసిరే తొలి వల వాళ్ళది. ఆ వల పడేదాకా ఇంకే బోటూ అమ్మకానికి వేటకి వెళ్ళదు. పోలమ్మ అత్తగారి కాలం నుంచి ఆ వల నీలం తలుపుల ఇంట్లోనే ఉంది. పులుసు పెట్టలేకపోతే మాత్రం అది తర్వాతి ఇంటికి పోతుంది. తర్వాతి ఇల్లు పక్కింటి తవుడుది.

"నా కంఠంలో ఊపిరుండగా తొలి వల ఆ గోడ దాటదు" అని పోలమ్మ పెరట్లో నిలబడి రోజూ గట్టిగా అనేది. గోడవతల పళ్ళు తోముకుంటున్న తవుడు, "అలాగే వదినా" అనేవాడు.

ఆ ఏడాది మత్స్యకారుల సంఘం వాళ్ళు చేపల జాడ చూపించే పెట్టె ఒకటి తెప్పించారు. ముందు ఒక్క బోటుకిచ్చి చూద్దామని చీటీలు తీశారు. సన్యాసయ్య పేరొచ్చింది. ఊరంతా ఒక్కసారిగా నిట్టూర్చింది. అసూయ అనుకున్నారు వీళ్ళు.

పెట్టె వాడకం నేర్పడానికి పట్నం నుంచి హేమసుందర్ అనే కుర్రాడొచ్చాడు. జానెడు తెర, పక్కన మీటలు, ఒక తిప్పుడు బిళ్ళ, పొడుగాటి తీగ, తీగ చివర నల్ల గుండు. అన్నీ అరుగు మీద పరిచి ఓపిగ్గా చెప్పాడు.

"ఇది శబ్దంతో చూస్తుందండీ. గుండు బోటు కింద నీళ్ళలో ఉంటుంది. కిందికి శబ్దం పంపిస్తుంది. అది చేపకో నేలకో తగిలి వెనక్కొస్తుంది. ఎంతసేపట్లో వచ్చిందో చూసుకుని తెర మీద బొమ్మ గీస్తుంది."

"శబ్దం చేస్తే చేప పారిపోదేటి బాబూ?" అన్నాడు సన్యాసయ్య.

"ఆ శబ్దం మనకి వినబడదండీ, చేపకీ వినబడదు."

"ఎవులికీ వినబడనిది శబ్దమెలాగవుద్ది?" అని పోలమ్మ నవ్వింది. "సదువుకున్న గుంటడు, పాపం. మజ్జిగియ్యే నీలవేణీ."

హేమసుందర్ మజ్జిగ తాగి మళ్ళీ మొదలుపెట్టాడు. "కుడి అంచున గీసేదే ఇప్పుడు మీ కింద ఉన్నది. అది ఎడమకి జరిగిందంటే మీరు దాటొచ్చేశారని. చేప ఎడమకి పోతోందని కాదు. ఇది బాగా గుర్తుంచుకోండి."

"మాకు తెలుసు" అన్నాడు అసిరయ్య. ఆ ఇంట్లో ఎవరికి ఏది చెప్పినా మొదట వచ్చే మాట అదే. అది వచ్చాక ఇంకేదీ లోపలికి వెళ్ళదు.

బిళ్ళ ఎక్కువ తిప్పితే తెరంతా చుక్కలు నిండిపోతాయన్నాడు. తెలుసన్నారు. బోటు ఆగి ఉంటే కింద ఉన్న ఒక్కదాన్నే మళ్ళీ మళ్ళీ గీసి పొడుగు గీత చేస్తుందన్నాడు. తెలుసన్నారు. చివరికి బస్సుకి వేళయిపోయి ఆ కుర్రాడు లేచి, చెప్పులు వేసుకుంటూ మూడు మాటలన్నాడు.

"ఇంకేం భయం లేదండీ. ఇకమీదట మీరు సముద్రం వంక చూడక్కర్లేదు, పెట్టె చూస్తే చాలు. కనబడ్డ చేపని వదలొద్దు. ఇంటి దగ్గర నేర్చుకోవాలంటే ఈ పచ్చ మీట నొక్కండి, చేపలు వాటంతటవే వస్తాయి."

అంతే. అప్పటిదాకా చెప్పిందంతా గాలికి పోయింది. ఈ మూడు మాటలే మిగిలాయి.

సంబరంనాడు తెల్లవారగానే సన్యాసయ్య, కొడుకులిద్దరూ బోటెక్కారు. లైఫ్ జాకెట్లు తొడుక్కున్నారు, తాళ్ళు బిగించి కట్టుకున్నారు. ఆ ఒక్క విషయంలో వాళ్ళని ఎవరూ వేలెత్తి చూపకూడదు. సంబరంనాడు ఒంటరిగా వెళ్ళకూడదని ఆ ఊరి ఆనవాయితీ. అందుకని తోడు బోటేసుకుని తవుడు వెనకాలే బయల్దేరాడు.

ఒడ్డు దాటగానే సన్యాసయ్య ఆజ్ఞ వేశాడు. "ఒరే, ఎవులూ సముద్రం వంక చూడొద్దు!"

"చూడక్కర్లేదన్నాడు నాన్నా, చూడొద్దన్లేదు" అన్నాడు కూర్మయ్య. అతనికి అప్పుడప్పుడు అలాంటి బలహీనత వస్తుంటుంది.

"అక్కర్లేని పని సేసేవోడ్ని ఏటంటారు?"

"వెర్రోడంటారు."

"మరి?"

ఇంకేముంది, ముగ్గురూ సముద్రానికి వీపు తిప్పి పెట్టె ముందు కూర్చున్నారు. చుక్కాని పట్టుకున్న అసిరయ్య కూడా పెట్టె వైపే తిరిగాడు. బోటు సూటిగా వెళ్ళి తవుడు బోటుని గుద్దింది.

"ఓ అన్నా! కళ్ళు కనబడ్డం నేదేటి?" అని తవుడు అరిచాడు.

"పెట్టెలో నువ్వు నేవు తవుడూ!" అని సన్యాసయ్య జవాబిచ్చాడు. "లేనోడివి అలా అడ్డమొచ్చీకూడదు."

తవుడు తన బోటు కాస్త దూరంగా తీసుకుపోయాడు.

ఇంతలో తెర కుడి అంచున పసుప్పచ్చ వంపు ఒకటి కనబడింది. చేప! ముగ్గురూ ఎగిరి గంతేశారు. వంపు మెల్లగా ఎడమకి జరిగింది.

"ఎడంపక్కకి పోతంది నాన్నా!"

"కనబడ్డదాన్ని వదలొద్దన్నాడ్రా! తిప్పు ఎడమకి!"

అసిరయ్య ఎడమకి తిప్పాడు. తెర మీద వంపు ఇంకా ఎడమకే జరిగింది. ఇంకా తిప్పాడు. కొత్త వంపొచ్చింది, అదీ ఎడమకే జరిగింది. ఆ తెర మీద ఏదైనా ఎడమకే జరుగుతుంది, సముద్రపు నేల కూడా ఎడమకే జరుగుతుంది. అది వాళ్ళకి తెలుసు కదా మరి. తిప్పాడు, తిప్పాడు, తిప్పాడు. బోటు గానుగ చుట్టూ తిరిగే ఎద్దులా ఒక్కచోటే గుండ్రంగా తిరిగింది. తిరిగినచోట నురుగుతో పళ్ళెంలాంటి సున్నా తయారైంది.

"ఈ చేపలు మాయలమారివి" అన్నాడు సన్యాసయ్య, కళ్ళు తిరిగి పెట్టెని పట్టుకుని. "అన్నీ ఎడంసేతి వాటం చేపలే."

అదే సమయానికి పక్కనే నీళ్ళ మీద తెల్ల పిట్టలు గుంపులు గుంపులుగా వాలుతున్నాయి. కిందికి దూకి ముక్కుకొక చేప పట్టుకుని లేస్తున్నాయి. నీళ్ళు తపతపా ఉడుకుతున్నట్టున్నాయి. పుట్టి బుద్ధెరిగిన ఎవడికైనా అక్కడ కవళ్ళ చేపల గుంపుందని తెలుస్తుంది.

"అన్నా! అటు సూడు! పిట్టలు!" అని తవుడు కేకేశాడు.

"మేం సూడం!" అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో. "మాకు పెట్టుంది!"

ఓ పిట్ట పొరపాటున జారవిడిచిన కవళ్ళ చేప సరిగ్గా వచ్చి సన్యాసయ్య ఒళ్ళో పడింది. ఆయన పెట్టె వంక చూశాడు. పెట్టెలో ఆ చేప లేదు. తీసి సముద్రంలోకి విసిరేశాడు.

తవుడు కాసేపు చూశాడు. తర్వాత తన వల తీసుకుని పిట్టల కిందికి వెళ్ళాడు.

గుండ్రంగా తిరిగి తిరిగి అసిరయ్యకి వాంతొచ్చినట్టయింది. "మనం ఆగిపోదాం నాన్నా. మనం తిరిగితే అవి తిరుగుతున్నాయి. మనం ఆగితే అవీ ఆగుతాయి" అన్నాడు.

ఈ మాటకి తండ్రి కళ్ళు చెమర్చాయి. అచ్చం తన పోలికే. లంగరు వేశారు, ఇంజను ఆపారు. తెర మీద, పైకీ కిందికీ నడుమ, సన్నటి గీత ఒకటి మొదలైంది. కుడి అంచున పుట్టి ఎడమకి సాగింది. సాగుతూనే ఉంది. తెరంతా నిండినా తెగలేదు.

"ఒరే" అన్నాడు సన్యాసయ్య, గొంతు తగ్గించి. "ఇది ఒకటే చేప."

"ఒకటే?"

"మధ్యలో ఎక్కడైనా తెగిందేటి? ఒకటే. పామంత పొడుగు చేప!"

"పామెంత నాన్నా, మన వీధంత ఉన్నాది!"

ఒడ్డు దగ్గరే కాబట్టి ఫోను పలికింది. ఇంటి దగ్గర పోలమ్మ ఎత్తింది.

"అమ్మా, చేప దొరికింది!" అన్నాడు కూర్మయ్య.

"ఎన్నిరా?"

"ఒకటే. కానీ ఇంకా వస్తంది."

"వస్తందేటి?"

"బోటు కిందనుంచి పోతంది. తల ఎప్పుడో ఎల్లిపోయింది. తోక ఇంకా రానేదు."

పోలమ్మ ఫోను గుండెకి హత్తుకుంది. గోడ మీంచి తొంగి చూసి తవుడు పెళ్ళాంతో, "మా చేప తోక ఇంకా రానేదంటమ్మా" అంది. తర్వాత నీలవేణిని పిలిచి, "పొయ్యి వెలిగించు. పెద్ద కుండెక్కించు. చింతపండు, కారం, ఉల్లిపాయ, మెంతులు, అన్నీ ఏసి మరిగించీ. చేప వచ్చేక ఏద్దుము" అంది.

"చేప నేకుండా పులుసేటత్తా?"

"పులుసు ముందు, చేప తరవాత. సముద్రంలో నీళ్ళు ముందున్నాయా, చేపలు ముందున్నాయా?"

నీలవేణి అలాంటి ఇంట్లో పడ్డందుకు మురిసిపోయి కుండెక్కించింది. ఊరందరికీ కబురు వెళ్ళింది. పళ్ళేలు తెచ్చుకుని రండి, ఒక్క చేపే, కానీ అందరికీ సరిపోతుంది.

అక్కడ బోటులో సన్యాసయ్యకి ఓ దిగులు పట్టుకుంది.

"పొడుగున్నాది గానీ మరీ సన్నంగా ఉన్నాదిరా. ముళ్ళే ఉంటాయేమో. ఊళ్ళోవాళ్ళు ఆడిపోసుకుంటారు."

"కాస్త బలిస్తే బాగున్ను" అన్నాడు అసిరయ్య, తిప్పుడు బిళ్ళని అటూ ఇటూ కదుపుతూ. బిళ్ళ కొంచెం ముందుకి తిరిగింది. గీత లావెక్కింది.

"ఒలమ్మ! బలిసింది!"

"ఇంకొంచెం మేపు!"

మేపాడు. గీత చెయ్యంత లావైంది. మళ్ళీ మేపాడు. గీత చుట్టూ చుక్కలొచ్చాయి.

"పిల్లల్ని పెట్టింది!"

ఇంక ఆగుతారా? బిళ్ళని చివరిదాకా తిప్పేశారు. అంతే, తెరంతా ఎర్రగా, పసుప్పచ్చగా చుక్కలతో నిండిపోయింది. పైనుంచి కిందిదాకా సందు లేదు. నీళ్ళని చూపించే నీలం రంగు మచ్చుకైనా లేదు. ముగ్గురూ ఆ తెరవంక అలాగే చూస్తుండిపోయారు.

"నాన్నా, నీళ్ళేయి?"

"నేవురా. నీళ్ళయిపోనాయి. అంతా చేపలే."

"మరి బోటు దేనిమీదున్నాది?"

"చేపల మీద."

"అయితే వల ఎందుకు?" అన్నాడు కూర్మయ్య. "గంప పట్టుకుని దిగి, ఏరుకుని వస్తాను." లుంగీ పైకి కట్టుకున్నాడు, చేపలు జారతాయని పాదాలకి బోటు అడుగునున్న ఇసుక రాసుకున్నాడు, గంప నెత్తిన పెట్టుకున్నాడు, బోటు అంచు మీంచి ధైర్యంగా అడుగు బయట పెట్టాడు.

బుడుంగుమన్నాడు.

లైఫ్ జాకెట్ పైకి తేల్చింది. (అందుకే అంటారు, ఎంత ఈతొచ్చినవాళ్ళైనా అది తీయకూడదు.) గంప ఓ పక్క, కూర్మయ్య ఓ పక్క కొట్టుకుపోతుంటే తవుడు బోటేసుకొచ్చి, జుట్టు పట్టుకుని పైకి లాగాడు.

"ఏటయ్యిందిరా?" అన్నాడు తండ్రి.

కూర్మయ్య ఉప్పునీళ్ళు కక్కి, ఊపిరి తీసుకుని, "నా ఖర్మ నాన్నా. అంతా చేపలే. నాను కాలెట్టిన చోటే నేవు" అన్నాడు.

ఆ కుర్రాడు చెప్పిందంతా గోడవతల నుంచి విన్న తవుడు, వీళ్ళ బోటులోకెక్కి తెర చూశాడు. బిళ్ళ వెనక్కి తిప్పాడు. చుక్కలన్నీ పోయి సన్న గీత ఒక్కటి మిగిలింది. "అన్నా, సెప్తాను విను. నువ్వాగిపోయి కూకుంటే కిందున్నదాన్నే అది గీసుకుంటూ పోతాది. ఇది చేప కాదు. నీ లంగరు తాడు." అని వంగి లంగరు పైకి లాగాడు. తెర మీద గీత తెగిపోయింది.

సన్యాసయ్య లబోదిబోమన్నాడు. "ఊరికి కూడెట్టే చేపని సంపీసినావు కదరా! తోక రాబోతంటే!"

"అన్నా, నా బోటు నిండా కవళ్ళున్నాయి. కావలిస్తే సగం తీసుకో. సంబరానికి పనికొస్తాయి."

"నీ చేపలెందుకు? మా చేపలు పెట్టెలోవి. నీవి పిట్టలు సూపించినవి."

"చేప చేపే కదా!"

"అందికే నీకు పెట్టె రాలేదు" అన్నాడు అసిరయ్య, జాలిగా.

ఎండెక్కింది. ఒక్క చేపా లేదు. ఒడ్డున ఊరంతా పళ్ళేలు పట్టుకుని ఎదురుచూస్తుంటుంది. సన్యాసయ్య తల పట్టుకుని కూర్చుని, కూర్చుని, ఒక్కసారి లేచి నిలబడ్డాడు.

"మనంత తెలివితక్కువోళ్ళు ఉన్నారేట్రా!" ఆ మాట ఆ ఇంట్లో అంతకుముందెప్పుడూ వినబడలేదు. కొడుకులు బిక్కచచ్చిపోయారు. "ఆ బాబు ఏటి సెప్పేడు? ఇంటి దగ్గిర పచ్చ మీట నొక్కితే చేపలు వాటంతటవే వస్తాయన్నాడు. ఇంటికొచ్చే చేపల కోసం ఇంత దూరం వచ్చి ఎతుకుతున్నాం!"

ఇంకేముంది, బోటు తిప్పేశారు.

ఇంటి పెరట్లో ఊరు ఊరంతా బారులు తీరి కూర్చుంది. ముందు వరసలో ఊరి పెద్ద. మధ్యలో పొయ్యి మీద, మనిషి నడుమంత ఎత్తు కుండలో పులుసు కుతకుతలాడుతోంది. పోలమ్మ పరిగెత్తుకొచ్చింది.

"మావా, చేపేదీ? తోకొచ్చిందేటి?"

"తోకెందుకే, మొత్తం వస్తాయి. ముందు మంటార్పీ. ఏడిగా ఉంటే అవి రావు."

మంటార్పారు. పులుసు చల్లారేదాకా నీలవేణి, కూర్మయ్య విసనకర్రలతో విసిరారు. చేతికి గోరువెచ్చగా తగిలేదాకా సన్యాసయ్య ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. అప్పుడు పెట్టెని పీట మీద కూర్చోబెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి, తీగ చివర నల్ల గుండుని కడిగి పులుసులోకి వదిలాడు. గుండు నీళ్ళలో ఉండాలన్నాడు కదా ఆ కుర్రాడు. పచ్చ మీట నొక్కాడు.

తెర వెలిగింది. నేర్చుకునేవాళ్ళ కోసం ఎవరో పెట్టెలో ముందే వేసి పెట్టిన బొమ్మలు కదలడం మొదలుపెట్టాయి. ఒక వంపు. రెండు వంపులు. పెద్దవి, చిన్నవి, గుంపులు గుంపులు. పైన అంకె కూడా పడింది. లోతు నలభై మీటర్లు.

పోలమ్మ చేతులెత్తి దండం పెట్టింది. "వచ్చీసినాయి! తల్లీ గంగమ్మా, మా పరువు నిలబెట్టేవు!"

నీలవేణి కుండలోకి తొంగి చూసింది. "నలభై మీటర్లంటే మన కుండకి అడుగు నేదన్నమాటత్తా. ఇన్నేళ్ళూ తెలీలేదు. రోజూ తోమేను కూడా."

వడ్డన మొదలైంది. పోలమ్మ గరిటె ముంచి ఊరి పెద్ద పళ్ళెంలో పోసింది. ఆయన చూశాడు. పులుసు. వేళ్ళతో కెలికాడు. ఉల్లిపాయ.

"చేపేదమ్మా?"

"లోతులో ఉన్నాయి బాబూ, పైకి రావాల."

ఇంకో గరిటె. ఇంకో ఉల్లిపాయ. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పిల్లలు ఆకలని ఏడవడం మొదలుపెట్టారు. ఊరి పెద్ద గొంతు సవరించుకుని, "పోలమ్మా, ఊరు ఆకలితో లేచిందంటే తొలి వల మరి నీది కాదు. నా చేతిలో ఏటీ నేదు" అన్నాడు.

పోలమ్మ మొహం పాలిపోయింది. అత్తగారి చేతి నుంచి తన చేతికొచ్చిన వల.

అప్పుడు తవుడు రెండు గంపల కవళ్ళు దించాడు. శుభ్రం చేసి, ఉప్పూ పసుపూ పట్టించి తెచ్చాడు. పోలమ్మ దగ్గరికొచ్చి, ఎవరికీ వినబడకుండా మెల్లగా అన్నాడు. "వదినా, ఇవి నీ కుండలో ఏసీ. మళ్ళీ మంటెడదాం. ఒక్క పొంగు రానిస్తే సాలు. పులుసు నీదే, వల నీదే. నాను ఎవులికీ సెప్పను."

అందరూ చెప్పుకునే మాటే, ఆ క్షణంలో పోలమ్మ మొహం ఆ తెలివి అంటని మామూలు మొహంలాగే కనబడిందట. చెయ్యి గంప మీదికి వెళ్ళింది కూడా.

"ఆగే!" అన్నాడు సన్యాసయ్య. తెర వంక చూపించాడు. తెర మీద వంపులు కిటకిటలాడుతున్నాయి. "ఎక్కడేస్తావు? సోటున్నాదేటి? ఉన్నవాటికే ఊపిరాడ్డం నేదు."

పోలమ్మ తెర చూసింది. నిజమే. చోటు లేదు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వద్దు తవుడూ" అంది. "నీది మంచి మనసే. కానీ నీకు లెక్క తెలీదు."

తవుడు గంపలెత్తుకుని గోడవతలికి వెళ్ళిపోయాడు. కాసేపటికి అక్కడ పొయ్యి వెలిగింది. ఇంకాసేపటికి వాసనొచ్చింది. ఇటు కూర్చున్న వరసలు ఒక్కొక్కటే లేచి, పళ్ళేలతో సహా గోడ దాటాయి.

"పోనివ్వండ్రా! గరిటె పొట్టిదై వచ్చిన తంటా ఇది" అన్నాడు సన్యాసయ్య. "వెదురు గెడ తే!"

కూర్మయ్య బోటు తోసే గెడ తెచ్చాడు. గరిటెని దాని చివర కట్టారు. ముగ్గురు మగాళ్ళూ అరుగు మీద నిలబడి, గెడ కుండలో దించి, అడుగున ఉన్న చేపల దాకా వెళ్ళాలని బలంగా ఒక్క పోటు పొడిచారు.

ఫెడేల్మంది కుండ.

పులుసంతా పెరట్లోకి పారింది. తులసికోట చుట్టూ తిరిగి గుమ్మం దాకా వచ్చింది. పీట మీద పెట్టె మాత్రం చెక్కుచెదరలేదు. వంపులు కదులుతూనే ఉన్నాయి. అంకె పడుతూనే ఉంది. లోతు నలభై మీటర్లు.

సన్యాసయ్య ఆ అంకె చూశాడు. పెరట్లో పులుసు చూశాడు. మొహం నల్లబడింది.

"ఎవులూ కిందికి దిగొద్దు! నలభై మీటర్ల లోతు! డాబా ఎక్కండి, డాబా!"

అంతే. ఐదుగురూ ఒకర్నొకరు తోసుకుంటూ మెట్లెక్కి వంటింటి డాబా మీద పడ్డారు. నీలవేణి అత్తగారి కొంగు పట్టుకుంది. కూర్మయ్య మళ్ళీ లైఫ్ జాకెట్ తొడుక్కున్నాడు. కింద వీధికుక్క ఒకటి వచ్చి పులుసు మధ్యలో నిలబడి తీరిగ్గా నాకుతోంది. దాని గోళ్ళు కూడా మునగలేదు.

"పాపం, ఎంత బాగా ఈదుతందో" అంది పోలమ్మ.

గోడవతల ఊరంతా కడుపునిండా తిని చేతులు కడుక్కుంది. ఊరి పెద్ద నీలం తలుపుల ఇంట్లోంచి తొలి వల తెప్పించి, పసుపు నీళ్ళు చల్లి, తవుడు చేతికిచ్చాడు. తవుడు వల భుజాన వేసుకుని, పాపం వీళ్ళు పస్తున్నారని గిన్నెలో పులుసు పట్టుకుని ఇటొచ్చాడు.

"వదినా, దిగండి, రెండు ముద్దలు తిందురు గాని."

"ఎలా దిగుతాం? నువ్వెలా నిలబడ్డావు తవుడూ, మునిగిపోతావు!"

"పులుసుకి పాదం తడవడం నేదు వదినా."

"నీ పాదం సంగతి నాకెందుకు? పెట్టె సూడు!"

తవుడు పెట్టె చూశాడు. ఆకాశం చూశాడు. ఆ బొమ్మలు ఆపడానికి పచ్చ మీట మళ్ళీ నొక్కుదామని చెయ్యి చాచాడు.

"ముట్టుకోకు!" అని ఐదుగురూ పైనుంచి కేకేశారు. "మా లోతు మాదీ!"

"మరేటి సెయ్యమంటావు?"

"బోటు తే. నేదంటే ఆ భుజమ్మీద వలుంది కదా, ఇటు విసురు. పట్టుకుని వస్తాం" అంది పోలమ్మ.

"ఇది తొలి వల వదినా."

"తొలిదో మలిదో, మనిషి పోతంటే సూస్తావేటి!"

తవుడు చాలా ఓపిక ఉన్న మనిషి. ఓపికకి కూడా నేల ఉంటుంది, ఆ నేల ఆ పూట తగిలింది. గిన్నె కింద పెట్టాడు. వల తీశాడు. అంచు పళ్ళతో పట్టి, నడుం తిప్పి, ఆ ఏడాది తొలి వల డాబా మీదికి విసిరాడు. వల గుండ్రంగా విచ్చుకుని ఐదుగురి మీదా చక్కగా పడింది. మెట్ల మీంచి మెల్లగా కిందికి లాగాడు.

ఊరి పెద్ద గోడ మీంచి చూశాడు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత, "తొలి వల పడింది. మరింక అందరూ వేటకి పోవచ్చును" అన్నాడు.

ఆ ఏడాది దిబ్బలరేవులో తొలి వలకి ఐదు పడ్డాయి. వలలో మెలికలు తిరుగుతూనే పోలమ్మ భర్త వైపు తిరిగి, గర్వంగా అంది.

"సూసినావా మావా! వల ఆడిదే కావచ్చు. పడింది మనమే కదా!"